ఆకాశం నుండి దిగిన పురుగులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గ్రహాంతర కీటకాలు భూమి మీద దండెత్తే టీవీ చిత్రాలలో అసలు లోపం డబ్బు తక్కువ కావడం కాదనీ, పురుగును గురించి తగినంత ఆలోచించకపోవడమేననీ గత నెల ఈ శీర్షికలో ఒక పాఠకునికి జవాబు రాశాను. ఆ మాటను బలపరుస్తూ కొందరు, ఖండిస్తూ కొందరు రాసిన ఉత్తరాలతో ఈ నెల శీర్షిక నిండిపోయింది. అర్ధరాత్రి వేళ డబ్బింగ్‌లో వచ్చే ఈ చిత్రాలను మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఇంత శ్రద్ధగా చూసేవారు ఇందరున్నారని తెలిసి నాకు నిజంగా సంతోషం కలిగింది.

ప్రశ్న: ఈ చిత్రాలన్నీ ఒకే కథలా ఎందుకుంటాయి? ఒక చిన్న ఊరు, చెప్పినా వినని పోలీసు అధికారి, ఎవరూ నమ్మని ఒక శాస్త్రవేత్త, పది నిమిషాలకొకసారి ఒక చావు. రచయితలకు వేరే ఊహ తోచదా?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: ఊహ తోచక కాదు, ఈ చిత్రాలు పుట్టిన పద్ధతే అటువంటిది. అమెరికాలో టీవీ కోసమే ప్రత్యేకంగా చిత్రాలు తీయడం 1964లో ఎన్‌బీసీ సంస్థ మొదలుపెట్టింది. 1969 నుండి ఏబీసీ సంస్థ వారానికొక కొత్త చిత్రాన్ని 90 నిమిషాల వ్యవధిలో ప్రసారం చేయసాగింది. ఆ వ్యవధిలోనే ప్రకటనలు కూడా ఇమడాలి. 1992లో మొదలై, 2009లో తన పేరులోని అక్షరాలను ‘సైఫై’గా మార్చుకున్న సై-ఫై ఛానెల్, శనివారం రాత్రుల కోసం వరుసగా ఇటువంటి చిత్రాలను తీయించింది. ఒక్కొక్కదానికి సుమారు 10 లక్షల నుండి 20 లక్షల డాలర్లు మాత్రమే ఖర్చు పెట్టేవారు. కీటక గ్రహం మీద యుద్ధాన్ని చూపించిన ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ అనే 1997 నాటి థియేటర్ చిత్రానికి 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మీరడిగిన వాటిలో సగానికి జవాబు దొరుకుతుంది.

చిన్న ఊరు ఎందుకంటే, పెద్ద నగరంలో జనం పరుగెత్తే దృశ్యం తీయాలంటే వందల మందికి కూలీ ఇవ్వాలి, రోడ్లు మూయించాలి. అడవి, పొలం, పాడుబడిన గోదాము చవకగా దొరుకుతాయి. ఇంకా చవక కావాలని చాలా చిత్రాలను బల్గేరియాలోనూ రుమేనియాలోనూ తీసి అమెరికా పల్లెటూళ్లుగా చూపించారు. చావులు లెక్కగా రావడానికి కారణం ప్రకటనల విరామాలు. సైఫై వారి రెండు గంటల ప్రసారంలో చిత్రం నిడివి 90 నిమిషాలకు లోపే ఉంటుంది, దానిని ఏడెనిమిది భాగాలుగా విడగొట్టి రాస్తారు. ప్రతి భాగం చివర, చూసేవాడి చేయి రిమోట్ మీదికి పోకుండా, ఏదో ఒక భయం కలిగించి తీరాలి. అందువల్ల రచయిత తన కథకు ఎక్కడ ఊపిరి కావాలో అక్కడ ఆపలేడు, ప్రకటన ఎక్కడ రావాలో అక్కడే ఆపుతాడు. ఇంత బిగింపులోనూ కొందరు రచయితలు రెండు విరామాల మధ్య ఒక మంచి సంభాషణను, ఒక నిజమైన మనిషిని నిలబెట్టగలిగారు. నేను ఈ చిత్రాలను వదలకుండా చూడడానికి వారే కారణం.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన సైన్సు ఉపాధ్యాయుడిని. లారీ అంత చీమలను చూపించి ఈ చిత్రాలు పిల్లల బుర్రలను పాడు చేస్తున్నాయని నా అభిప్రాయం. మీరు వీటిని మెచ్చుకోవడం న్యాయమా? అంత చీమ ఎక్కడైనా సాధ్యమా?
– చిత్తూరు

జవాబు: సాధ్యం కాదు, ఈ విషయంలో మీతో నాకు పేచీ లేదు. ఎందుకు సాధ్యం కాదో గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలోనే వివరించాడు. జీవశాస్త్రవేత్త హాల్డేన్ 1926లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో దానిని జంతువులన్నిటికీ అన్వయించి చూపాడు. 5 మిల్లీమీటర్ల చీమను, ఆకారం చెడకుండా, 5 మీటర్లకు పెంచామనుకుందాం. పొడవు 1,000 రెట్లు పెరిగితే కాలి అడ్డకోత వైశాల్యం, అంటే కాలిని అడ్డంగా కోస్తే కనిపించే ముఖపు విస్తీర్ణం, 10 లక్షల రెట్లు పెరుగుతుంది. బరువు మాత్రం 100 కోట్ల రెట్లు పెరుగుతుంది. అంటే ప్రతి కాలూ, తన బలంతో పోల్చితే, మునుపటి కంటే 1,000 రెట్ల భారాన్ని మోయాలి. 5 మిల్లీగ్రాముల చీమ 5 టన్నులవుతుంది, నిలబడిన చోటనే కాళ్లు విరిగి కూలిపోతుంది.

కాళ్లు విరగకపోయినా ఊపిరి ఆడదు. కీటకాలకు ఊపిరితిత్తులు లేవు. ఒంటి పక్కలనున్న చిన్న రంధ్రాల గుండా గాలి లోపలికి వెళ్లి, సన్నని గొట్టాల వెంట నేరుగా కణాల దాకా చేరుతుంది. గాలి తనంతట తాను వ్యాపించడం మీద ఇది చాలావరకు ఆధారపడుతుంది కనుక దూరం పెరిగే కొద్దీ ఆలస్యం దూరపు వర్గం లెక్కన పెరుగుతుంది. సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం, గాలిలో ఆక్సిజన్ నేటి 21 శాతానికి బదులు 30 శాతం దాకా ఉండేదని అంచనా వేసిన కాలంలో, మెగాన్యూరా అనే తూనీగ జాతి జీవి రెక్కల విస్తీర్ణం 65 సెంటీమీటర్లకు పైబడింది. అంతటి కాలంలోనూ ఆ తూనీగ గద్ద అంత కాలేదు. నేటి కీటకాలలో అతి బరువైన వాటిలో ఒకటైన ఆఫ్రికా గొలియత్ పెంకు పురుగు, పిల్ల దశలో 100 గ్రాముల దాకా తూగుతుంది. ఇక పెరిగేటప్పుడు పైపెంకును విడిచి మెత్తబడే దశ ఒకటి ఉంది కదా, ఆ గంటల్లో లారీ అంత పురుగు తన బరువుకు తానే చదునైపోతుంది.

అది గ్రహాంతర జీవి కనుక మన పురుగుల నియమాలు దానికెందుకు అని చిత్రాలు తీసేవారు అంటారు. ఊపిరి విషయంలో ఆ మాట ఒప్పుకోవచ్చు, దానికి వేరే శ్వాసకోశం ఉండవచ్చు. కొలతల లెక్క మాత్రం ఏ గ్రహంలోనైనా ఒకటే. గురుత్వం తక్కువైన గ్రహంలో పెద్దదిగా పెరిగిన పురుగు భూమి మీద దిగిన క్షణం నుండి కదలలేక కష్టపడాలి. ఆ కష్టాన్నే కథగా మలచిన చిత్రం నా కంట పడలేదు, ఎవరైనా తీస్తే చాలా గొప్పగా ఉంటుంది. పిల్లల సంగతంటారా, మీ తరగతిలో ఆ చీమను చూపించి పై లెక్కను వేయించండి. వర్గం, ఘనం అనే మాటలు వాళ్లకు జన్మలో మరుపు రావు.

ప్రశ్న: సాలెపురుగుల చిత్రాలను కూడా ఇందులో చేర్చవచ్చా?
– శ్రీకాళహస్తి

జవాబు: శాస్త్రం ప్రకారం చేర్చకూడదు. కీటకానికి ఆరు కాళ్లు, తల, రొమ్ము, పొట్ట అనే మూడు భాగాలు ఉంటాయి. సాలెపురుగుకు ఎనిమిది కాళ్లు, రెండే భాగాలు, మీసాలు లేవు. తేలు, గోమారి దాని బంధువులు. చిత్రాల వరుసలో మాత్రం అందరూ కలిపే చెప్పుకుంటారు కనుక నేనూ అభ్యంతరం పెట్టను.

ప్రశ్న: రాత్రి పనులన్నీ ముగిశాక నాకు దొరికేది గంటన్నర సమయం. గ్రహాంతర కీటకాల మీద టీవీకి తీసినవాటిలో తప్పక చూడదగినవి ఏవి?
– గృహిణి, పుత్తూరు

జవాబు: మీ గంటన్నర విలువైనది కనుక కొత్తవాటిని పక్కన పెట్టి మూడు పాతవాటిని చెబుతాను. మూడూ నలుపు తెలుపులో ఉంటాయి, మూడూ తక్కువ డబ్బుతో తీసినవే.

మొదటిది, నా దృష్టిలో ఈ కోవలో అన్నిటికంటే గొప్పది, బీబీసీ వారు 1958 డిసెంబరు 22 నుండి 1959 జనవరి 26 వరకు ఆరు వారాలు ప్రసారం చేసిన ‘క్వాటర్‌మాస్ అండ్ ద పిట్’. రచన నైజెల్ నీల్, దర్శకత్వం రుడాల్ఫ్ కార్టియర్. లండన్‌లో ఒక భవనం కోసం పునాది తవ్వుతుండగా లక్షల ఏళ్ల నాటి పుర్రెలు బయటపడతాయి. వాటితో పాటు దొరికిన లోహపు వాహనాన్ని మొదట యుద్ధకాలపు బాంబు అనుకుంటారు. దాని లోపలి గదిలో కొమ్ములు, మూడు కాళ్లు ఉన్న మిడత వంటి జీవులు కనిపిస్తాయి. అన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి, గాలి తగలగానే కుళ్లిపోవడం మొదలవుతుంది. దండయాత్ర 50 లక్షల ఏళ్ల క్రితమే జరిగిపోయిందని కథ ముందుకు సాగే కొద్దీ తెలుస్తుంది. చచ్చిపోతున్న అంగారక గ్రహం నుండి వచ్చిన ఆ కీటకాలు మన పూర్వీకులైన వానరాలను తీసుకుపోయి, వాటి మెదడును మార్చి తిరిగి వదిలాయి. గూటిలో తమకు భిన్నంగా ఉన్నవారిని ఏరి చంపే కీటకపు అలవాటు మనుషులలో అలాగే నిద్రపోతూ ఉంది. చివరి భాగంలో అది మేలుకుని, లండన్ వాసులు సాటి మనుషుల మీద పడతారు. లండన్‌లోని నాటింగ్ హిల్‌లో జాతి అల్లర్లు జరిగిన ఏడాదే ఈ ధారావాహిక ప్రసారం మొదలైందని తెలిస్తే ఆ దృశ్యం ఎంత ధైర్యంతో రాసినదో అర్థమవుతుంది. కదిలే పురుగును నమ్మకం కలిగేలా చూపించే స్తోమత లేని చోట పురుగును చచ్చినదిగా పెట్టి, భయాన్నంతా బతికున్న మనుషులలోకి మార్చిన ఆ ఆలోచనకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

రెండవది ‘ది అవుటర్ లిమిట్స్’ అనే అమెరికన్ వరుసలో 1963 డిసెంబరు 30న వచ్చిన ‘ద జాంటీ మిస్‌ఫిట్స్’. ఇది గంట లోపే ముగుస్తుంది. జాంటీ అనే గ్రహంవారు తమ నేరస్తులను భూమికి ప్రవాసం పంపుతామని, అడ్డుకుంటే నాశనం చేస్తామని బెదిరిస్తారు. దిగినవి మనిషి ముఖం పోలిన చీమలు. బొమ్మను కొంచెం కొంచెంగా కదుపుతూ ఒక్కొక్క చట్రాన్ని చిత్రీకరించే స్టాప్ మోషన్ పద్ధతిలో వాటిని నడిపించారు. ఆ నడకలోని కుదుపును ఇప్పటివాళ్లు లోపమంటారు, నాకు మాత్రం పురుగు నడక అలాగే ఉండాలనిపిస్తుంది. ముగింపును ముందే చెప్పడం ధర్మం కాదు గాని, ఆ గ్రహంవారు భూమినే ఎందుకు ఎంచుకున్నారో తెలిసినప్పుడు మనసు కలతపడుతుంది.

మూడవదానికి కొంత ఓపిక కావాలి. ‘డాక్టర్ హూ’ అనే బీబీసీ ధారావాహికలో 1965 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆరు భాగాలుగా వచ్చిన ‘ద వెబ్ ప్లానెట్’ కథ వోర్టిస్ అనే గ్రహం మీద జరుగుతుంది. ధారావాహిక నాయకుడైన డాక్టర్, అతని సహచరులు తప్ప కథలో మనిషి రూపమే లేదు, తక్కినవారంతా చీమలు, సీతాకోకచిలుకలు, లార్వాలు. చీమల లోపలున్న నటుల కాళ్లు కనిపిస్తాయి, ఒక చీమ వచ్చి కెమెరాను ఢీకొంటుంది, మళ్లీ తీసే వీలు లేక ఆ దృశ్యాన్ని అలాగే ఉంచారు. అయినా తొలి భాగాన్ని 1 కోటి 35 లక్షల మంది చూశారు. ఇక్కడ దండెత్తినది చీమలు కావు, చీమలను లొంగదీసుకున్న వేరొక శక్తి. తమ నేల తమకు కావాలని తిరిగి వచ్చే సీతాకోకచిలుకల పక్షాన కథ నిలబడుతుంది. కీటకాన్ని శత్రువుగానే కాక పాత్రగా చూసిన ఈ గౌరవం తరువాతి చిత్రాలలో చాలా అరుదు.

ప్రశ్న: రాణిని చంపితే పురుగులన్నీ ఒక్కసారిగా చచ్చిపోతాయని ప్రతి చిత్రంలో చూపిస్తారు. నిజమేనా?
– నగరి

జవాబు: నిజం కాదు. చీమల రాణి ఆజ్ఞలు ఇవ్వదు, గుడ్లు పెడుతుంది. ఎవరు ఎటు పోవాలో నిర్ణయించేది చీమలు ఒకదానికొకటి వదిలే వాసన రసాయనాలు, అంటే ఫెరమోన్లు. తిండి దొరికిన చీమ దారి పొడవునా ఆ వాసన వదులుతూ వస్తుంది, దాని వెంట మరికొన్ని వెళతాయి, తిండి అయిపోతే వాసన ఆరిపోయి దారి మాసిపోతుంది. రాణి చనిపోయినా పనిచీమలు నెలల తరబడి బతికే అవకాశం ఉంది. తేనెటీగలైతే వయసు చాలని పిల్లపురుగులలో కొన్నిటికి ప్రత్యేకమైన ఆహారం పెట్టి, గుడ్డు దశ నుండి 16 రోజులలో కొత్త రాణిని తయారు చేసుకుంటాయి. తలకాయ లేని సైన్యం తలకాయ ఉన్న సైన్యం కంటే భయంకరమైనది, ఎందుకంటే దానిని ఓడించడానికి ఎవరిని పట్టుకోవాలో తెలియదు. నిడివిలో మిగిలిన అయిదు నిమిషాలలో కథ ముగించాలి కనుక రాణిని పేల్చేస్తారు.

ప్రశ్న: మేము పట్టుపురుగులు పెంచుతాము. ఒక చిత్రంలో మనిషి ఒంటిలోంచి పురుగు తొలుచుకుని బయటికి వస్తుంటే నాకు మా గదిలోని ఊజీ ఈగ గుర్తుకొచ్చింది. ఈ కథలు రాసేవారు దానిని చూసి రాశారా?
– రైతు, పలమనేరు

జవాబు: ఈ నెల వచ్చిన ప్రశ్నలలో నాకు బాగా నచ్చినది ఇదే. ఊజీ ఈగనే చూసి రాశారని చెప్పలేము గాని, ఇటువంటి ఊహకు మూలం ప్రకృతిలోనే ఉంది. కొన్ని కందిరీగలు, కొన్ని ఈగలు వేరే పురుగు ఒంటి మీదనో లోపలనో గుడ్డు పెడతాయి, పిల్ల దానిని లోపలి నుండి తిని, పెరిగి, బయటికి వస్తుంది. మీరు రోజూ చూసేది అదే. ఊజీ ఈగ పట్టుపురుగు చర్మం మీద గుడ్డు అతికిస్తుంది, పిల్ల లోపలికి దూరిన చోట నల్లని మచ్చ పడుతుంది, ఆ తరువాత సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ ఈగ మన దక్షిణానికి వచ్చిన తీరు కూడా గమనించదగినది. 1980లో పశ్చిమ బెంగాల్ నుండి తెచ్చిన విత్తన గూళ్లతో పాటు అది కర్ణాటకలోకి ప్రవేశించి, అక్కడి నుండి వ్యాపించింది. టమాటాను తొలిచే దక్షిణ అమెరికా పురుగు 2014లో మహారాష్ట్రలో కనిపించింది, మొక్కజొన్నను తినే కత్తెర పురుగు 2018లో కర్ణాటకలో కనిపించింది. ఇవి రెండూ సముద్రాలు దాటి వచ్చినవే. నిజమైన కీటక దండయాత్రలో ఆకాశంలో వెలుగులు ఉండవు, సరుకుతో పాటు, ఎవరి కంటా పడకుండా వస్తుంది.

ఇంకొక సంగతి. ఊజీ ఈగను అదుపు చేయడానికి తలుపులకు, కిటికీలకు నైలాన్ వలలు కట్టడంతో పాటు, దాని ప్యూపాలలో గుడ్లు పెట్టే నెసోలింక్స్ అనే అతి చిన్న కందిరీగను వదులుతారు. అంటే తినేదానిని తినేది మరొకటి ఉంది. సైన్యం, క్షిపణులు, పేలుళ్లతో ముగిసే ఈ చిత్రాలలో ఒక్కటైనా మీ వంటి పట్టు రైతును నాయకుడిగా పెట్టి, శత్రువుకు శత్రువు ఏదో వెదికించి ఉంటే కథ ఎంత ఎత్తుకు పోయేదో ఆలోచించండి.

ప్రశ్న: నిజంగా పురుగుల గుంపు ఆకాశం నుండి దిగితే మన గాదంకి రాడార్‌లో కనిపిస్తుందా?
– ఇంటర్ విద్యార్థిని, చంద్రగిరి

జవాబు: గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలకు చెందిన పెద్ద రాడార్ 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో పనిచేస్తుంది, దాని తరంగం పొడవు సుమారు ఐదున్నర మీటర్లు. గాలిలోని సుడులను, వాటి ద్వారా గాలి వేగాన్ని కొలవడం దాని పని. అంత పొడవైన తరంగానికి చీమ, మిడత వంటివి దాదాపు లేనట్టే లెక్క. సెంటీమీటర్ల తరంగాలతో వానను పసిగట్టే వాతావరణ రాడార్లకు మాత్రం కీటకాల గుంపులు బాగా కనిపిస్తాయి. 2020 జులైలో దక్షిణ ఇంగ్లండ్ మీద రెక్కల చీమలు గుంపుగా లేచినప్పుడు అక్కడి వాతావరణ శాఖ రాడార్ వాటిని వానలాగా చూపించింది. మీరు కథ రాసేటట్టయితే, పొడి ఆకాశంలో వాన కనిపిస్తోందని ఆశ్చర్యపడే ఒక పరిశోధకురాలితో మొదలుపెట్టండి.

ప్రశ్న: మేము నలుగురు స్నేహితులం, మా దగ్గర ఒక కెమెరా, రెండు లైట్లు, కొద్దిపాటి డబ్బు ఉన్నాయి. తిరుపతి పరిసరాలలో ఇటువంటి చిత్రం ఒకటి తీయాలని ఉంది. గ్రాఫిక్స్ చేయించే స్తోమత లేదు. సలహా ఇవ్వండి.
– తిరుపతి

జవాబు: గ్రాఫిక్స్ లేకపోవడం మీకు మేలే చేస్తుంది. నాసిరకం గ్రాఫిక్స్‌తో పెద్ద పురుగును ఒక్కసారి చూపించారంటే అంతవరకు కూడగట్టిన భయమంతా పోతుంది. పురుగును దాని అసలు పరిమాణంలోనే ఉంచండి. 2012లో వచ్చిన మన ‘ఈగ’లో గ్రాఫిక్స్ ఎంత ఉన్నా, ఈగను ఈగ అంతగానే ఉంచడం వల్లనే కథకు బలం వచ్చిందని మరువకండి. అమెరికన్ దర్శకుడు సాల్ బాస్ తీసిన, 1974లో వచ్చిన ‘ఫేజ్ ఫోర్’లో చీమలు పెద్దవి కావు, తెలివైనవి అవుతాయి. అందులో కెన్ మిడిల్‌హామ్ అనే ఛాయాగ్రాహకుడు నిజమైన చీమలను అతి దగ్గరి నుండి చిత్రీకరించాడు. ఆ దృశ్యాలు నేటికీ పాతబడలేదు. మీ డబ్బులో పెద్ద భాగాన్ని ఒక మంచి మాక్రో లెన్స్ అద్దెకూ, శబ్ద గ్రహణానికీ పెట్టండి. చూపించలేనిదానిని వినిపించవచ్చు.

కథను ఒక ఇంటిలోనో, ఒక మామిడి తోటలోనో నడపండి. తొలకరి వానకు దీపం చుట్టూ ఉసుళ్లు ముసిరే రాత్రి మీకు ఎవరూ డబ్బు అడగకుండా ఇచ్చే దృశ్యం, ఆ నెలకు సిద్ధంగా ఉండండి. ఉసుళ్లు ప్రతి ఏడూ దీపం దగ్గరికి వస్తాయి. ఈ ఏడు దీపాన్ని వదిలి, ఇంటిలో ఒకే మనిషి చుట్టూ చేరితే ఏమవుతుంది? అక్కడి నుండి మీరే ఆలోచించండి. పురుగులు ఏమి కోరి వచ్చాయో రాయడం మొదలుపెట్టక ముందే నలుగురూ కూర్చుని తేల్చుకోండి. అది ప్రేక్షకునికి చెప్పకపోయినా ఫరవాలేదు, మీకు మాత్రం తెలిసి ఉండాలి.

శేషాచలం కొండలలో కొంత భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం కిందికి వస్తుంది కనుక అటవీ శాఖ అనుమతి లేకుండా లోపల చిత్రీకరణ చేయకండి, అక్కడి పురుగులను పట్టి తేకండి. తెలిసినవారి తోటలో, వారిని అడిగి, చిత్రీకరించుకోవడం మేలు. మందు కొట్టిన వెంటనే వెళితే ఒక్క పురుగు కూడా దొరకదు కనుక ఎప్పుడు కొట్టారో తోట యజమానిని ముందే కనుక్కోండి.